జులై మొదటి వారాంతం: శాండౌన్, సిల్వర్‌స్టోన్, వింబుల్డన్, ఎడ్జ్‌బాస్టన్.. దేన్ని ఎలా చూడాలి?

రేస్‌కార్డ్ రాశారు:

ఇంగ్లండ్‌లో జులై మొదటి శని, ఆదివారాలంటే ఆటల తిరునాళ్లే. శనివారం శాండౌన్‌లో ఎక్లిప్స్ స్టేక్స్, అదే పూట హేడాక్‌లో లాంకషైర్ ఓక్స్, ఓల్డ్ న్యూటన్ కప్. ఆ పక్క వింబుల్డన్‌ నడుస్తుంటుంది. ఆదివారం సిల్వర్‌స్టోన్‌లో ఎఫ్1, హెన్లీలో పడవ పందేల ఫైనల్స్. 2025లో వీటికి తోడు ఎడ్జ్‌బాస్టన్ టెస్టు చివరి రెండు రోజులు, టూర్ డి ఫ్రాన్స్ మొదటి రెండు దశలు కూడా అవే తేదీల్లో పడ్డాయి.

అందుకే 2025 జులై 5, 6 ను నమూనాగా పెట్టుకుందాం. ఎవరు గెలిచారో వెతికితే దొరుకుతుంది. ఎలా గెలిచారు, చూసేటప్పుడు కన్ను ఎక్కడ ఉండాలి, ఎక్కడ పొరబడతాం అన్నవి రాయండి.

బ్రిటన్ టైమ్‌లో లెక్క: టెస్టు ఉదయం 11:00. వింబుల్డన్ బయటి కోర్టులు 11:00, నంబర్ 1 కోర్టు 1:00, సెంటర్ కోర్టు 1:30. ఎక్లిప్స్ మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో. గ్రాండ్ ప్రి ఆదివారం 3:00. భారత కాలమానానికి నాలుగున్నర గంటలు కలుపుకోండి.

కొత్తగా_చూస్తున్నా రాశారు:

ఎక్లిప్స్‌లో 2025లో పరిగెత్తింది ఆరు గుర్రాలే కదా? ఆరింటికి ఇంత హడావిడి ఎందుకు? ఇంకోటి, డెలాక్రువా మీద బరువు తక్కువ, ఓంబుడ్స్‌మన్ మీద ఎక్కువ ఎందుకు పెట్టారు? అది హ్యాండిక్యాపా?

ఫర్లాంగు_బాబాయ్ రాశారు:

హ్యాండిక్యాప్ కాదు. హ్యాండిక్యాప్‌లో ఒక్కో గుర్రం రేటింగ్ చూసి బరువు వేస్తారు. ఎక్లిప్స్ గ్రూప్ 1 (అన్నిటికన్నా పై స్థాయి) రేసు, ఇక్కడ చూసేది వయసు. డెలాక్రువా లాంటి మూడేళ్ల గుర్రం ఇంకా ఎదిగే దశలో ఉంటుంది కాబట్టి జులై మొదట్లో ఈ దూరానికి ఓంబుడ్స్‌మన్ లాంటి నాలుగేళ్లు, ఆ పైబడిన వాటికంటే 10 పౌండ్లు తక్కువ మోస్తుంది. ఆడగుర్రానికి మరో 3 పౌండ్లు తగ్గుతాయి. మైలుంపావు దూరంలో ఒక లెంగ్త్ (ఒక గుర్రం పొడవు) అంటే సుమారు 2 పౌండ్లని లెక్క. అంటే 10 పౌండ్లకి దాదాపు అయిదు లెంగ్త్‌లు.

హడావిడి ఎందుకంటారా, ఆ ఏడాది డెర్బీ, గినీస్ (మూడేళ్ల గుర్రాలకే పెట్టే పెద్ద రేసులు) తరం గుర్రాలు పెద్దవాటిని మొదటిసారి ఢీకొట్టే పెద్ద మైలుంపావు రేసు ఇదే. 1886లో మొదలైంది. బ్రిటన్‌లో మొట్టమొదటి 10,000 పౌండ్ల రేసు, గెలిచింది బెండిగో. తరవాతి కాలంలో సీ ద స్టార్స్ (2009), ఎనేబుల్ (2019), సిటీ ఆఫ్ ట్రాయ్ (2024) అన్నీ ఇక్కడ గెలిచినవే.

ఇక ట్రాక్. శాండౌన్ కుడిచేతి ట్రాక్. చివరి నాలుగు ఫర్లాంగులు (ఫర్లాంగు అంటే మైలులో ఎనిమిదో వంతు) నేరుగా ఉంటాయి, పైకి ఎక్కుతాయి. టీవీలో ఆ ఎక్కుడు కనపడదు, గుర్రం కాళ్లకి మాత్రం బాగా తెలుస్తుంది. రెండు ఫర్లాంగుల దగ్గర ముందున్న గుర్రం గెలిచేసినట్టే కనిపిస్తుంది, చివరి వంద గజాల్లో కట్టేసినట్టు ఆగిపోతుంది. మలుపు తిరిగాక ఇన్‌సైడ్ రెయిల్ (ట్రాక్ లోపలి కంచె) పక్కన మూడు గుర్రాలు గోడలా అడ్డుంటే వెనకున్న జాకీకి సందు దొరకదు. చిన్న ఫీల్డ్ కదా అని దారి దొరుకుతుందనుకోవద్దు. ఆరు గుర్రాలు నెమ్మదిగా పోతే గుంపుగా వస్తాయి, అప్పుడే ఇరుక్కునేది.

2025లో జరిగింది అదే. డెలాక్రువా చివరి మలుపులో అన్నిటికన్నా వెనక ఉంది. ఓంబుడ్స్‌మన్ మీద విలియం బ్యూక్ ముందుగా కదిలాడు, పని అయిపోయినట్టే ఉంది. డెలాక్రువా మీదున్న ర్యాన్ మూర్‌కి సందు దొరకలేదు, గుర్రాన్ని బయటికి తిప్పుకుని వదిలాడు. గెలుపు మెడ తేడాతో. ఆ రేసు మళ్లీ చూస్తే గెలిచిన గుర్రాన్ని కాదు, రెండు ఫర్లాంగుల స్తంభం దగ్గర మూర్ చేతులు చూడండి. ఎప్పుడు ఆగాడు, ఎప్పుడు పక్కకి లాగాడు, ఎన్ని అడుగులు పోగొట్టుకున్నాడు. ఆ పోగొట్టుకున్నది ఫలితాల పట్టీలో ఎక్కడా కనపడదు.

స్టాప్‌వాచ్ రాశారు:

బాబాయ్ చెప్పిందానికి లెక్క కలుపుతాను. పేసు నెమ్మదా, గట్టిదా అని కంటితో తేల్చకండి, కొలవండి.

ముందు అసలు దూరం. ఎక్లిప్స్‌ని అందరూ మైలుంపావు అంటారు గానీ అది 1 మైలు 1 ఫర్లాంగు 209 గజాలు. ఫర్లాంగుకి 220 గజాలు కాబట్టి 9.95 ఫర్లాంగులు. ఉదాహరణకి ఒక రేసు 126 సెకన్లు పట్టిందనుకుందాం. 126ని 9.95తో భాగిస్తే ఫర్లాంగుకి 12.66. ముందున్న గుర్రం చివరి రెండు ఫర్లాంగులు 24 సెకన్లలో వచ్చిందంటే ఫర్లాంగుకి 12.00. మొదటిదాన్ని రెండోదానితో భాగించి నూరుతో గుణించండి: 105.5. నూరు దాటితే చివర్లో వేగం పెరిగింది, అంటే ముందంతా నెమ్మదిగా సాగింది. నూరుకి బాగా కింద ఉంటే ముందే ఊపిరి ఊడేలా పరిగెత్తారు.

తప్పులు ఇక్కడ వస్తాయి. ఒకటి, శాండౌన్ ముగింపు ఎక్కుడు కాబట్టి అక్కడ మామూలు అంకె చదునైన ట్రాక్ కంటే తక్కువే ఉంటుంది. యార్క్ అంకెతో పక్కపక్కన పెట్టి పోల్చకండి. రెండు, స్తంభం దాటిన క్షణాన్ని ఏటవాలు కెమెరాలో చూసి వాచీ నొక్కితే అరసెకను తేడా రావడం మామూలే. మూడుసార్లు కొలిచి మధ్యది తీసుకోండి. మూడు, రెయిల్ జరిపితే దూరం పెరుగుతుంది. ఉదయం ట్రాక్ ప్రకటనలో 'ఇన్ని గజాలు అదనం' అని ఇస్తారు. అది కలపకపోతే లెక్కంతా వృథా.

వెనక వచ్చిన గుర్రం టైమ్ కావాలంటే లెంగ్త్‌లని సెకన్లలోకి మార్చుకోవాలి. గట్టి నేల మీద సెకనుకి సుమారు 6 లెంగ్త్‌లు, మెత్తబడ్డ నేల మీద 5.

పోలు_దగ్గర రాశారు:

బాబాయ్ గారూ, అక్కడ మెడ తేడాతో ఓడిన ఓంబుడ్స్‌మన్ ఆగస్టులో యార్క్ ఇంటర్నేషనల్‌లో అదే డెలాక్రువాని మూడున్నర లెంగ్త్‌లతో ఓడించింది. అప్పటికి బరువు తేడా 10 నుంచి 7 పౌండ్లకి తగ్గింది. ఆ 3 పౌండ్లు ఒకటిన్నర లెంగ్త్. దాదాపు సగం అక్కడే తేలిపోయింది కదా?

ఫర్లాంగు_బాబాయ్ రాశారు:

తేలలేదు బాబూ. ఇది చాలామంది పడే గొయ్యి. వయసు పట్టిక 3 పౌండ్లు ఎందుకు తగ్గించింది? ఆ ఆరేడు వారాల్లో మూడేళ్ల గుర్రం అంతమేర ఎదుగుతుందని లెక్కగట్టి. గుర్రం అనుకున్నట్టే ఎదిగితే బరువు పెరగడం, బలం పెరగడం ఒకదానికొకటి చెల్లు. కాబట్టి 3 పౌండ్లని పెద్ద గుర్రానికి దక్కిన లాభంగా రాసుకోకూడదు. అక్కడి మెడ తేడా (దాదాపు పావు లెంగ్త్), ఇక్కడి మూడున్నర కలిపి మూడుంముప్పావు లెంగ్త్‌ల తేడాకీ వేరే కారణం వెతకాలి.

యార్క్‌లో పేసు వేరు. ఓంబుడ్స్‌మన్ వైపు వాళ్లు బర్ కాసిల్ అనే పేస్‌మేకర్‌ని (ముందు పరిగెత్తి వేగం పెట్టే గుర్రాన్ని) దింపారు. 150/1 గుర్రం, అంటే గెలిస్తే పౌండుకి 150 పౌండ్ల లాభం, గెలుస్తుందని ఎవరూ అనుకోనిది. అది ముందుకి పోయి పోయి ఎంత దూరం వెళ్లిందంటే, మిగతా జాకీలు దాన్ని వదిలేశారు. చివరికది మూడో స్థానం పట్టుకుంది! వదిలేసిన గుర్రం మూడో స్థానంలో వచ్చిందంటే, వెనక గుంపు ఎంత ఆలస్యంగా కదిలిందో చూసుకోండి. పైగా యార్క్ చదును, ఎడమచేతి ట్రాక్. శాండౌన్ ఎక్కుడు మీద దక్కిన మెడ గెలుపుని అక్కడికి మోసుకుపోలేం.

పోలు_దగ్గర రాశారు:

ఆ పట్టిక సంగతి ఒప్పుకున్నాను. చెల్లు అన్న ముక్క నాకు తట్టలేదు.

కొత్తగా_చూస్తున్నా రాశారు:

హేడాక్ కార్డులో ఓల్డ్ న్యూటన్ కప్‌ దగ్గర ఈచ్-వే (సగం డబ్బు గెలుపు మీద, సగం ముందు స్థానాల్లో రావడం మీద పెట్టే పందెం) నిబంధనలు ఒకరోజు నాలుగు స్థానాలు, మరుసటి రోజు మూడు అని ఉంటాయి. మోసమా?

రేస్‌కార్డ్ రాశారు:

మోసం కాదు, లెక్క మారింది. ఎన్ని గుర్రాలు పరిగెత్తాయన్నదే ముఖ్యం. మామూలు పద్ధతి ఇది: 4, అంతకంటే తక్కువైతే గెలుపు మీదే పందెం. 5 నుంచి 7 అయితే రెండు స్థానాలు, నాలుగో వంతు ఆడ్స్. 8, ఆ పైన మూడు స్థానాలు, అయిదో వంతు. ఓల్డ్ న్యూటన్ కప్‌ లాంటి హ్యాండిక్యాప్ అయి 12 నుంచి 15 ఉంటే మూడు స్థానాలు, నాలుగో వంతు. 16, ఆ పైన హ్యాండిక్యాప్‌కి నాలుగు స్థానాలు, నాలుగో వంతు. పదహారులో ఒకటి తప్పుకుందంటే నాలుగో స్థానం గల్లంతు. ఎనిమిదిలో ఒకటి తప్పుకుంటే మూడోది గల్లంతు.

అంకెల్లో: 12/1 గుర్రం మీద 5 పౌండ్ల ఈచ్-వే అంటే ఖర్చు 5 కాదు, 10 (గెలుపుకి 5, స్థానానికి 5). తొమ్మిది గుర్రాల్లో మూడోది వచ్చిందనుకోండి. 12లో అయిదో వంతు 2.4, దాన్ని 5తో గుణిస్తే 12, స్థానం వాటా 5 తిరిగి వస్తుంది, మొత్తం 17. గెలుపు వాటా 5 పోయింది. నికరం 7.

దీనికి తోడు రూల్ 4 కోత. మీరు ధర తీసుకున్నాక ఒక గుర్రం తప్పుకుంటే దాని ధరని బట్టి మీ లాభంలోంచి పౌండుకి ఇన్ని పెన్నీలు కోస్తారు. తప్పుకున్నది 3/1 గుర్రమైతే 25 పెన్నీలు. పైన చెప్పిన 12 లాభం 9 అవుతుంది. ఈవెన్స్ (పెట్టినంతే లాభం ఇచ్చే ధర) గుర్రమైతే 45. ధర 14/1 కంటే పెద్దదైతే కోత లేదు. కోత లాభం మీదే, పెట్టిన డబ్బు మీద కాదు. వచ్చిన మొత్తం 17లో పావు కోసి లెక్క తప్పిందని గొడవపడేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు.

వేదిక_నిర్వాహకులు రాశారు:

లెక్కల వివరణ వరకు సరే. ఫలానా గుర్రం మీద పెట్టండి అనే పోస్టులు తొలగిస్తాం. మీరున్న చోట ఆన్‌లైన్ పందేలు చట్టబద్ధమో కాదో మీరే చూసుకోవాలి.

పిట్‌లేన్ రాశారు:

సిల్వర్‌స్టోన్‌కి వద్దాం. 5.891 కిలోమీటర్లు, 52 ల్యాపులు. 2025లో కథంతా టైర్లదే. తడి ట్రాక్ మీద ఆకుపచ్చ గీత ఇంటర్లతో (కొద్దిపాటి తడికి వాడే ఇంటర్మీడియట్ టైర్లు) మొదలవ్వాల్సిన రేసు. ఫార్మేషన్ ల్యాప్ (రేసుకి ముందు వేసే చుట్టు) చివర రస్సెల్, లెక్లెర్ సహా ఐదుగురు స్లిక్స్ (పొడి ట్రాక్ టైర్లు) కోసం పిట్‌లోకి పోయారు. ఆరుతుందని పందెం కాశారు, మళ్లీ వాన పడింది, పందెం తిరగబడింది.

చూసేటప్పుడు ఆకాశం కాదు, సెక్టార్ టైములు (ల్యాప్‌ని మూడు ముక్కలు చేసి ఇచ్చే టైములు) చూడండి. మొదట టైరు మార్చినవాడు పిట్ నుంచి బయటికొచ్చిన ల్యాప్‌ని లెక్కలోకి తీసుకోవద్దు, టైరు ఇంకా చల్లగా ఉంటుంది. తరవాతి ల్యాప్‌లో మూడు సెక్టార్లకి రెండింటిలో వేగంగా ఉంటే మిగతావాళ్లు వరసపెట్టి పిట్‌కి వస్తారు. ఒక్క సెక్టార్‌లోనే వేగం ఉంటే ట్రాక్ సగమే ఆరినట్టు.

నికో హల్కెన్‌బర్గ్ 19వ స్థానం నుంచి మూడో స్థానానికి రావడం మీద అదృష్టం అన్నారు చాలామంది. నాకు నచ్చని మాట. గట్టి వాన మొదలయ్యే ముందే కొత్త ఇంటర్లు వేయించుకున్నాడు. మిగతావాళ్లు అరిగిపోయిన వాటితో నీళ్లలో జారుతుంటే అతనికి పట్టు ఉంది. 239వ రేసులో మొదటి పోడియం.

కొత్తగా_చూస్తున్నా రాశారు:

పియాస్ట్రీకి 10 సెకన్ల పెనాల్టీ ఎందుకు? బ్రేకు వేస్తే తప్పా?

పిట్‌లేన్ రాశారు:

సేఫ్టీ కార్ దీపాలు ఆరిపోయాక వేగం ముందున్నవాడి చేతిలో ఉంటుంది. కానీ తలాతోకా లేకుండా గట్టిగా బ్రేకు కొట్టకూడదు, వెనకవాడు గుద్దేస్తాడు. స్టీవార్డుల పత్రం ప్రకారం 59.2 పీఎస్‌ఐ ఒత్తిడితో గంటకి 218 నుంచి 52 కిలోమీటర్లకి పడిపోయాడు. వెనకున్న వెర్‌స్టాపెన్ పక్కకి తప్పించుకోవాల్సి వచ్చింది. పెనాల్టీని పిట్‌స్టాప్‌లోనే కట్టాలి: కారు ఆగాక 10 సెకన్లు ఎవరూ ముట్టుకోరు, ఆ తరవాతే జాక్‌ పెట్టి కారుని లేపుతారు. రేసు గెలిచిన నోరిస్‌కి దారి దొరికింది అక్కడే.

డ్యూక్స్_బంతి రాశారు:

ఎడ్జ్‌బాస్టన్. గిల్ 269, 161 గురించి అందరూ మాట్లాడారు. నేను చూడమనేది ఇంగ్లండ్ మొదటి ఇన్నింగ్స్‌లో రెండో కొత్త బంతి. 84/5 నుంచి బ్రూక్ (158), జేమీ స్మిత్ (184 నాటౌట్) 303 పరుగులు కలిపారు. ఆ సీజన్ డ్యూక్స్ బంతి త్వరగా మెత్తబడుతోంది, ముప్పై ఓవర్లు దాటితే సీమ్ పొంగు తగ్గి కదలిక ఉండటం లేదు. 80 ఓవర్ల తరవాత కొత్త బంతి చేతికొచ్చింది. ఆకాశ్ దీప్ బ్రూక్‌ని బౌల్డ్ చేశాడు, మన సిరాజ్ తోకని ఊడ్చేశాడు. 387/5 నుంచి 407 ఆలౌట్. సిరాజ్ 6/70, ఇన్నింగ్స్‌లో ఆరుగురు డకౌట్. పిచ్ మారలేదు, బంతి మారింది.

వారాంతం విషయానికొస్తే, శనివారం 427/6 దగ్గర డిక్లేర్, లక్ష్యం 608, ఆట ముగిసేసరికి ఇంగ్లండ్ 72/3. ఆదివారం ఉదయం వానకి 10 ఓవర్లు పోయాయి, 80 మిగిలాయి. డిక్లరేషన్ ఆలస్యమైందన్న విమర్శకి కారణం ఆ వానే. ఇంగ్లండ్ 271కి ముగిసింది, ఆకాశ్ దీప్ మ్యాచ్‌లో పది వికెట్లు తీశాడు, 336 పరుగుల తేడా. ఎడ్జ్‌బాస్టన్‌లో భారత్‌కి అదే మొదటి టెస్టు గెలుపు.

గడ్డి_కోర్టు రాశారు:

వింబుల్డన్‌లో ఆ ఏడాది లైన్ జడ్జిలు లేరు, అంతా ఎలక్ట్రానిక్. ఆదివారం సెంటర్ కోర్టులో పావ్లూచెంకోవా, కార్టల్ ఆడుతుండగా కోర్టులో ఒక పక్క ఆ ఏర్పాటుని పొరపాటున ఆపేశారు. బంతి స్పష్టంగా బయట పడ్డా పిలుపు రాలేదు, అంపైర్ ఆట ఆపి పాయింటు మళ్లీ ఆడించాడు. యంత్రం తప్పు చెప్పలేదు, దాన్ని మనిషే ఆపాడు. రెండిటికీ తేడా ఉంది.

సమయం విషయంలో: సెంటర్ కోర్టు పైకప్పు మూసుకోవడానికి పది నిమిషాలు చాలు, లోపలి గాలిలో తేమ సర్దుకోవడానికి మరో అరగంట దాకా పోతుంది. రాత్రి 11కి ఆట ఆపేయాల్సిందే. మూడో మ్యాచ్ సాయంత్రం ఏడు దాటి మొదలైతే అయిదు సెట్లు పూర్తవుతాయని ఆశ పెట్టుకోకండి.

తెడ్డు రాశారు:

హెన్లీ గురించి రెండే మాటలు. 1 మైలు 550 గజాలు, అంటే 2,112 మీటర్లు. అదీ ఏటికి ఎదురు. ఒలింపిక్ 2,000 మీటర్ల టైములతో పోల్చకండి. రెండేసి పడవలే పోటీ, ఓడితే ఇంటికి. కాబట్టి ముందున్నవాళ్లు ఆఖర్లో తెడ్డు సడలిస్తారు, మర్నాటికి దాచుకుంటారు. ఆదివారం ఒక్కరోజే అందరూ చివరిదాకా లాగేది.

పక్కగాలి రాశారు:

మొదటి పోస్టు తరవాత టూర్ సైకిల్ పందేన్ని ఎవరూ తలవలేదు. శనివారం లీల్‌లో మొదటి దశ, 184.9 కిలోమీటర్లు, ఫిలిప్సెన్ గెలిచాడు. అసలు దెబ్బ దానికి ముందే తగిలింది. పక్కగాలిలో సైకిళ్లు ఒకదాని పక్కన ఒకటి ఏటవాలుగా వరస కడతాయి. రోడ్డు వెడల్పు ఎంతమందికి సరిపోతే అంతమందికే గాలి చాటు, మిగతావాళ్లు అంచున ఒంటరిగా గాలికి ఎదురీదాలి. ఎవెనెపోల్, రోగ్లిచ్ ఇద్దరూ వెనక గుంపులో ఇరుక్కుని 39 సెకన్లు పోగొట్టుకున్నారు. గాలి దిశ మారే మలుపుకి రెండు కిలోమీటర్ల ముందే జట్లు ముందుకి తోసుకొస్తాయి, ఆ హడావిడి కనిపించగానే కూర్చోండి.

కొత్తగా_చూస్తున్నా రాశారు:

శనివారం టీ విరామం, ఎక్లిప్స్ ఒకేసారి పడతాయి. రెండు స్క్రీన్లు ఉన్నాయి. ఎలా సర్దుకోవాలి? రేసు రెండు నిమిషాలే కదా, గీత దాటగానే క్రికెట్‌కి పోవచ్చా?

స్టాప్‌వాచ్ రాశారు:

రేసుకి పావుగంట ముందే పోవాలి. పరేడ్ రింగ్‌లో గుర్రం మెడ మీద, తొడల మధ్య నురగలా చెమట పట్టిందా, నడక బిగిసిపోయిందా అన్నది అప్పుడే కనపడేది. ఎండరోజు కొంచెం చెమట అన్నిటికీ ఉంటుంది, మిగతావాటికి లేకుండా ఒక్కదానికే ఉంటే గమనించాలి. ఫోన్లో స్కోరు నోటిఫికేషన్లు ఆపేయండి. ఆన్‌లైన్ ప్రసారం అరనిమిషం దాకా వెనకబడి నడుస్తుంది, ఫలితం ముందే మోగుతుంది.

ఫర్లాంగు_బాబాయ్ రాశారు:

గీత దాటగానే పోవద్దు. మెడ తేడా అయితే ఫోటో చూస్తారు. దారి అడ్డుపడిందని అనుమానం వస్తే స్టీవార్డులు విచారణ పెడతారు, స్థానాలు తారుమారు చేయగలరు. కొరడా లెక్క కూడా ఉంది: ఫ్లాట్ రేసులో ఆరు దెబ్బలే. దాటితే జాకీకి సస్పెన్షన్, పది కొట్టాడంటే గుర్రానికే అనర్హత, కాకపోతే ఆ నిర్ణయం తరవాతి రోజుల్లో వస్తుంది. రేసు అయ్యాక జాకీ జీనుతో సహా తూకం మీద కూర్చుంటాడు. మైకులో 'వెయిడ్ ఇన్' అని వినపడ్డాక క్రికెట్‌కి వెళ్లండి.